మూడు దోసిళ్లు

మాత్ర వేసుకున్నాక నాకు ఒక గంట దొరుకుతుంది. ఆ గంటలో నోరు తెరవొచ్చు, మెల్లగా నాలుగు మాటలు మాట్లాడొచ్చు, చల్లారిన జావ ఎడమవైపు నుంచి మింగొచ్చు. గంట దాటాక ఏ మాట దగ్గర కుడి దవడలో కరెంటు కొడుతుందో ఎవరూ చెప్పలేరు. ఇప్పుడు మూడైంది, మాత్ర ఇప్పుడే వేసుకున్నాను, కారు నరసరావుపేట దాటింది. నాలుగింటికల్లా గుంటూరు ఆస్పత్రిలో చేరాలి, రేపు పొద్దున నా కుడిచెవి వెనక పుర్రెకు రూపాయి బిళ్లంత కంత పెడతారు. అంటే కారు నడుపుతున్న మా ఆయన మహమూద్‌కు చెప్పాల్సింది చెప్పడానికి నాకు మిగిలింది ఈ దారి, ఈ గంట. చెప్పకుండా కూడా పోవచ్చు, ఇన్నేళ్లూ చెప్పకుండా బతకలేదా, కడుపు నిండా తిన్నాను, పండగలు చేసుకున్నాను. ఒళ్లో ఫైలు ఉంది. అందులో ఆస్పత్రివాళ్లు ఇచ్చిన కాగితాన్ని నిన్న సాయంత్రం మా అమ్మాయి షాహీన్ నింపింది. షుగరుందా, బీపీ ఉందా, ఏ మందన్నా పడదా అని ఒక్కొక్కటే చదువుతూ రాసుకుంటూ పోయి, "మన ఇంట్లో ఇంకెవరికన్నా ఇట్టాంటి నొప్పి ఉండేదా అని అడిగారమ్మీ, ఏం రాయను?" అంది. నేను తల అడ్డంగా ఊపాను. తల ఊపితే నొప్పి రాదు, అబద్ధానికి ఆ వెసులుబాటు ఉంది. పిల్ల గుండ్రటి అక్షరాలతో 'లేదు' అని రాసి అడుగున నాచేత సంతకం పెట్టించింది.

ఉండేది. మహమూద్ తల్లికి ఉండేది. మస్తాన్‌బీ, మా నాన్నకు స్వయానా అక్క, నాకు మేనత్త, పెళ్లయ్యాక అత్తగారు. పోయి పన్నెండేళ్లు. ఆమె ఈ నొప్పి పడుతూనే పోయిందని ఈ భూమ్మీద నా ఒక్కదానికే తెలుసు, నాకు తెలిసి కూడా మూడు నెలలే అయింది.

కారు అద్దాలన్నీ ఎక్కించి ఉన్నాయి. ఏసీ గాలి నా ముఖానికి కొట్టకుండా ముందున్న జాలీల్లో మహమూద్ పాత గుడ్డలు కుక్కాడు. మే నెల ఎండకు అతని చొక్కా వీపంతా తడిసి సీటుకు అంటుకుపోయింది, అయినా ఉక్కపోస్తోందని ఒక్క మాట అనడు. కారు అతనిది కాదు, షెడ్డుకు రిపేరుకొచ్చిన ఎవరిదో, అడిగి తెచ్చాడు. దాచేపల్లి సిమెంటు లారీల కింద పాతికేళ్లు పడుకుని పడుకుని అతనికి ప్రపంచంలో ఏ బాధైనా ఇంజను బాధలాగే అర్థమవుతుంది. మా పక్కింటి కిరాణా కొట్టు కనకలక్ష్మికి నా ఆపరేషన్ గురించి అతనే చెప్పాడు. "ఏం లేదు వదినా, లోపల రక్తం గొట్టం పోయి నరానికి ఆనుకుంది. రాసుకుని రాసుకుని నరం మీద తోలు లేచిపోయింది. వైరు మీద తొడుగు పోతే షార్టవ్వదా, అట్టా. మధ్యలో ఇంత మెత్త పెట్టి మూసేస్తారు" అన్నాడు. ఆమె "ఓస్, ఇంతేనా అన్నయ్యా" అంది. నిజానికి డాక్టరు కంటే అతను చెప్పిందే నాకూ బాగా అర్థమైంది. డాక్టరు ఇంకొన్ని చెప్పాడు. ఆ పక్క చెవి పోవచ్చన్నాడు, ముఖం మొద్దుబారొచ్చన్నాడు, చాలా అరుదుగా ఎవరో ఒకరు బల్ల మీద నుంచి లేవకపోవచ్చన్నాడు. ఆ చివరిది మహమూద్ ఎవరికీ చెప్పలేదు. తలుపు బయట కూర్చున్న నేను వినలేదనుకున్నాడు.

మా వాళ్లలో హజ్‌కు పోయేవాళ్లు, కత్తి కిందికి పోయేవాళ్లు ముందుగా తెలిసినవాళ్ల ఇళ్లకు తిరిగి, తెలిసో తెలియకో ఏమన్నా అని ఉంటే మాఫ్ చెయ్యండి అని అడిగి వస్తారు. మొన్న నేనూ తిరిగాను. చున్నీ దవడకు తగలకుండా దూరంగా పట్టుకుని, మాట లేకుండా చేతులు జోడించి గడప గడపకూ నిలబడ్డాను. ఊళ్లో నా నోటి సంగతి తెలియనివాళ్లు లేరు కాబట్టి దేనికి అని ఎవరూ అడగలేదు, అందరూ నవ్వుతూ మాఫ్ చేశారు. నాకు చిన్నప్పుడు ఖురాన్ నేర్పిన నజీమా ఖాలా తలమీద చెయ్యి వెయ్యబోయి, నేను బెదిరి వెనక్కి జరిగితే, చెయ్యి దించేసింది. దేవుడి దగ్గర చేసిన తప్పును దేవుడు మన్నిస్తాడు గానీ మనిషికి చేసిన తప్పును ఆ మనిషే మన్నించాలని ఆమే మాకు చెప్పేది. అడగాల్సిన మనిషి ఖబరస్తాన్‌లో ఉంది. ఆమె తరఫున వినగలిగినవాడు ఇదిగో, నా పక్కన గేరు మారుస్తున్నాడు.

నా పళ్లు నాలుగు పోయాయి. పైన రెండు, కింద రెండు, అన్నీ కుడివైపువే, అన్నీ గట్టి పళ్లే. మొదటిది పీకించుకున్న రోజు పీడా పోయిందనుకున్నాను, తెల్లారి అన్నం ముద్ద నోట్లో పెట్టుకునేసరికి లేని పంటిలో నొప్పి వచ్చింది. లేని పంటిలో నొప్పి ఏమిటని నాకే సిగ్గేసి నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. కనకలక్ష్మి లవంగ నూనె ఇచ్చింది, ఇంకొకరు కర్పూరం పెట్టమన్నారు, ముక్కు డాక్టరు ముక్కులో ఉందన్నాడు, మా తమ్ముడు దిష్టి అన్నాడు. మూడేళ్లు ఇలాగే తిరిగాను. చివరికి ఫిబ్రవరిలో నరసరావుపేటలో ఒక పెద్ద డాక్టరు ఫ్యానాపి, నేను ఇంకా రెండు మాటలు చెప్పకముందే తనే చెప్పడం మొదలుపెట్టాడు. ముఖం కడుక్కోవాలంటే భయం కదమ్మా, గాలి తగిలినా వస్తుంది కదా, అన్నం చూస్తే ఆకలి వేస్తుంది గానీ నోట్లో పెట్టుకోవాలంటే ఏడుపొస్తుంది కదా, మాట్లాడుతూ మాట్లాడుతూ సగంలో ఆగిపోయి ఇదిగో ఇట్లా, అని తన చెయ్యి ముఖానికి జానెడు దూరంలో ఎత్తి, ముఖాన్ని తాకకుండా, అలాగే కదలకుండా పట్టుకుని చూపించాడు. ఆయన దానికి ట్రైజెమినల్ న్యూరాల్జియా అని పేరు చెబుతున్నాడు, లక్షమందిలో ఏ పదిమందికో అంటున్నాడు, స్కానింగ్‌కు గుంటూరు రాస్తున్నాడు. నేను వినడం లేదు. నేను ఆ చేతినే చూస్తున్నాను. అది మా అత్త చెయ్యి. పదేళ్లపాటు మా ఇంట్లో నా ముఖం ముందు లేచిన చెయ్యి. మాట్లాడకు, అవతలికి పో అని నేను అర్థం చేసుకున్న చెయ్యి. బల్ల పట్టుకుని లేవబోతే మహమూద్ కళ్లు తిరిగాయేమోనని పట్టుకున్నాడు.

కొండవీడు కొండలు కుడివైపు మొదలయ్యాయి, అతని భుజం అవతల నుంచి బూడిద రంగులో కనిపిస్తున్నాయి. ఇదే దారిలో నాకు ఏడేళ్లప్పుడు అత్త నన్ను బస్సులో గుంటూరు తీసుకుపోయింది, రంజాన్‌కు గాజులు కొనడానికి. నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని తను కిటికీ పక్కన కూర్చుంది. ముఖం కిటికీకి ఆనించి, కళ్లు మూసుకుని, కొంగు ఎగిరి వెనక సీటు వాళ్ల మీద పడుతున్నా పట్టించుకోకుండా గుంటూరు దాకా గాలి తాగింది. "గాలంటే నాకు పిచ్చే అబీ" అంది. నన్ను అబీ అని పిలిచిన మనిషి ఆమె ఒక్కతే. ఇష్టపడి నన్ను తన కోడల్ని చేసుకుంది, మా అమ్మ వద్దంటున్నా పట్టుబట్టి చేసుకుంది. అలాంటి మనిషి నా పెళ్లయిన అయిదో ఏట నుంచి మారిపోయింది. కిటికీలు మూయించేది, ఫ్యాను కింద పడుకునేది కాదు, కుడి చెంప మీద ఎప్పుడూ ఒక గుడ్డ, నుదుటి మీద ఎప్పుడూ ఒక ముడి. నేను వండి పెడితే రెండు ముద్దలు తిని కంచం జరిపేసేది. ఏమైందత్తా అంటే చెయ్యి లేచేది. ఒకసారి పంటి నొప్పి అంది, మహమూద్ తీసుకుపోయి పళ్లు పీకించుకొచ్చాడు, అక్కడికి ఆ సంగతి తీరిందనుకున్నాం. పళ్లు పోయాక కూడా కంచం జరిపేస్తుంటే ఇంకేమనుకుంటాను? నా వంట మీద కోపమనుకున్నాను, నా మీద విసుగనుకున్నాను, మగపిల్లాణ్ణి కనలేదని అనుకున్నాను. ఆమె మాట్లాడదు, నేను మాట్లాడకుండా ఉండలేను. ఆమె నోరు మూసుకున్నకొద్దీ నాది పెద్దదైంది.

అది వానాకాలంలో వచ్చిన రంజాన్. మధ్యాహ్నం వీధిలో ఆడవాళ్లంతా మా ఇంట్లో ఖురాన్ చదవడానికి కూర్చునేవాళ్లు, సాయంత్రం అక్కడే ఉపవాసం విడిచేవాళ్లు. ఒకరోజు ఉపవాసం విడుస్తూ అందరి మధ్యలో, నేను పొద్దుటినుంచి పొయ్యి దగ్గర నిలబడి కాచిన గంజిని అత్త ఒక గుటక తాగి, ముఖమంతా వంకర చేసి, గిన్నె కింద పెట్టేసింది. అందరూ నా వైపు చూశారు. ఆ రాత్రంతా అదే అరగలేదు నాకు. మర్నాడు అసర్ నమాజుకు ముందు చేతులూ ముఖమూ కడుక్కునే వజూకు అందరూ లేస్తుంటే అన్నాను. ఇంతకాలంగా నేను గమనిస్తూ, మనసులో దాచుకుంటూ వచ్చిన మాట అన్నాను. "అందరూ వజూ చేసుకు రండి. మా అత్తకు మాత్రం వజూ అక్కర్లేదులే. ముఖానికి నీళ్లు తగలనియ్యదు, మట్టి ముట్టుకుని గాల్లో చెయ్యి తిప్పి నమాజుకు నిలబడిద్ది" అన్నాను. నవ్వుతూనే అన్నాను. నీళ్లు పడనివాళ్లు పొడి మట్టితో చేసుకోవచ్చు, దానికైనా అరచేతులు ముఖానికి ఆనాలి, ఆమె ఆనించేది కాదు, నేను తలుపు చాటు నుంచి చూశాను. ఒకరిద్దరు ఇకిలించారు. నజీమా ఖాలా తప్పుపట్టాలని కాదు, తెలియనిదానికి చెప్పినట్టుగా, "ముఖం తడవకపోతే నమాజెట్టా అవుద్ది మస్తాన్‌బీ" అంది.

అత్త లేచింది. పెరట్లో సిమెంటు తొట్టి దగ్గర పీట మీద కూర్చుంది. చేతులు కడుక్కుంది. నోట్లో నీళ్లు పోసుకుని పుక్కిలించింది, మూడుసార్లు. ముక్కులోకి ఎక్కించుకుంది. తర్వాత దోసిలి నిండా నీళ్లు పట్టి ముఖానికి కొట్టుకుంది. ఒళ్లు ఒక్కసారి బిగుసుకుపోయింది, చేతులు గాల్లో ఆగిపోయాయి, గడ్డం మీద నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. కొంతసేపటికి రెండో దోసిలి పట్టింది. అప్పుడు ఒక శబ్దం చేసింది, కుక్కపిల్ల తొక్కుడు పడినప్పుడు చేసే శబ్దం, చాలా చిన్నది. నేను గుమ్మంలో నిలబడి లెక్కపెడుతున్నాను. ఇంకొకటి ఉందత్తా అని మనసులో అనుకుంటున్నాను. మూడో దోసిలి పట్టి చాలాసేపు దాని వంక చూసి, కొట్టుకుంది. లోపలికి వచ్చి మా అందరి ముందు నిలబడి నమాజు చేసింది, కళ్ల వెంట నీళ్లు ఆగడం లేదు. అవమానానికి ఏడుస్తోందనుకున్నాను. ఎంత సంతోషమేసిందో చెబితే ఎవరూ నమ్మరు, గెలిచినంత సంతోషం.

ఆ ఒక్క రోజుతో పోతే బాగుండేది. ఆ మధ్యాహ్నం నుంచి చచ్చిపోయిన రోజుదాకా ఆమె వజూ తప్పలేదు. మూడేళ్లు, రోజుకు అయిదుసార్లు, సారికి మూడు దోసిళ్లు. ఇప్పుడు నాకు ఒక్క దోసిలి అంటే ఏమిటో తెలుసు. మార్చిలో ఒక పొద్దున, మాత్ర వేసుకోకుండా, కావాలనే, తొట్టి దగ్గరికి పోయి కూర్చున్నాను. ఆమె చేసింది నేనూ చేద్దామని. మొదటి దోసిలికే పీట మీద నుంచి కింద పడ్డాను, రెండోది పట్టలేకపోయాను. షాహీన్ పరిగెత్తుకొచ్చింది. ఆ అమ్మాయి కూడా నెలల తరబడి నా మీద అలిగింది, "నాతో మాట్లాడాలంటే అంత విసుగేంది అమ్మీ నీకు" అని, నా చెయ్యి లేచిన ప్రతిసారీ. నిజమే కదా, నాకూ అలాగే అనిపించింది కదా తల్లీ.

ఆమెకు చివరి స్నానం చేయించింది నేను, నజీమా ఖాలా. కోడలిని, మేనకోడలిని, నేను కాక ఎవరు చేయిస్తారు? దానిలోనూ ముందు వజూ ఉంటుంది. ఖాలా చెంబుతో పోస్తుంటే నేను అత్త ముఖం కడిగాను. పదేళ్లలో మొదటిసారి ఆ చెంప ముట్టుకున్నాను. నుదుటి మీద ముడి లేదు. ముఖమంతా విప్పిన మూటలా వదులైపోయి ఉంది, నాకు ఏడేళ్లప్పటి బస్సులోని ముఖం. చచ్చాక గానీ నా మీద కోపం పోలేదు చూడు అనుకున్నాను. తలమీద నీళ్లు పోస్తూ ఆ మాట అనుకున్నాను. ఇప్పుడు కళ్లు మూసుకుంటే ఆ తొట్టి దగ్గర ఆమె కూర్చునే ఉంటుంది, వీపు మాత్రమే కనిపిస్తుంది, మూడో దోసిలి చేతుల్లోనే ఉంటుంది. కొట్టుకోదు, పారబొయ్యదు. నేను చాలు అనాలని ఆగినట్టు ఉంటుంది. అరవబోతే నా దవడలో కరెంటు కొట్టి మెలకువ వస్తుంది.

ఫిరంగిపురం దాటాం. మూడున్నర దాటింది. లారీ ఒకటి ఎదురొచ్చి కారు ఊగితేనే దవడ లోపల ఎక్కడో సన్నగా జివ్వుమంది. గంట ఇంకా కాలేదు అనుకున్నాను గానీ దానికి నా గంటలతో పనేముంది? ఫోనులో రాసి చూపించొచ్చు, ఒక్క ముక్క నొప్పి లేకుండా అయిపోతుంది. ఫోను తీశాను కూడా. ఆమెను అన్నది ఈ నోటితోనే కదా అనిపించి మళ్లీ సంచిలో పెట్టేశాను.

"బావా."

"మాట్లాడబాక. మళ్లీ వచ్చిద్ది."

"అత్తకూ ఇదే."

"ఏంది?"

"ఈ నొప్పే. అత్తకు ఉండేది."

"అమ్మకి పంటి నొప్పి గదే."

"నాకూ పంటి నొప్పే అన్నారుగా."

అతను రోడ్డు మీద నుంచి చూపు తిప్పలేదు. నేను చెప్పాను. గంజి సంగతి చెప్పాను. వజూ సంగతి, అందరి ముందు నేను అన్న మాట, ఏ మాటా మార్చకుండా, నవ్వుతూ అన్నానని కూడా చెప్పాను. మొదటి దోసిలి దగ్గరికి వచ్చేసరికి వచ్చింది. చెంప లోపలి నుంచి కంటి దాకా తెల్లగా చీల్చుకుపోయింది, మాట సగంలో తెగింది, నా కుడిచెయ్యి దానంతట అదే లేచి ముఖానికి జానెడు దూరంలో ఆగిపోయింది. ఇన్ని నెలలుగా అతను చూస్తూనే ఉన్నాడు ఆ చేతిని. ఇప్పుడు మాత్రం చూసి, వెంటనే మళ్లీ చూసి, కారు రోడ్డు దించి ఆపాడు. నేను ఆపలేదు. రెండో దోసిలి అన్నాను, ఆగాను, మూడోది అన్నాను. ముక్కలు ముక్కలుగా, ఉమ్మి కారుతుంటే తుడుచుకునే ధైర్యం లేక, అంతా చెప్పి, "మాఫ్ చెయ్యి" అన్నాను.

అతను దిగాడు. తలుపు తీసిన ఆ కాస్త గాలికి నాకు ఇంకోసారి వచ్చింది, కళ్లు తెరిచేసరికి అతను ముందుకు పోయి బానెట్ ఎత్తి ఉన్నాడు. కారుకు ఏ జబ్బూ లేదు. ఎత్తిన రేకు అవతల అతని నడుము మాత్రం కనిపిస్తోంది, చేతులు దేన్నీ విప్పడం లేదు, ఊరికే లోపలికి వంగి నిలబడి ఉన్నాడు. లారీలు పోతున్నాయి. ఫైలు మీద నా చేతి చెమట మచ్చ పెద్దదవుతోంది. వదిలేసి పోతాడేమో అనిపించింది, పోతే పోనీ అని కూడా అనిపించింది, పోకూడదని దేవుణ్ణి అడిగాను.

చాలాసేపటికి వచ్చి, తలుపు నెమ్మదిగా, గాలి కొట్టకుండా సందు చేసుకుని లోపలికి దూరి కూర్చున్నాడు. నా వైపు చూడలేదు. ఒళ్లో ఉన్న ఫైలు తీసుకుని, కాగితం వెతికి, షాహీన్ రాసిన 'లేదు' కొట్టేసి, పైన 'మా అమ్మకు, పదేళ్లు' అని రాశాడు. మెకానిక్ రాత, ఒక్కో అక్షరం ఒక్కో దిక్కు. పెన్ను మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"మాఫీ నేనెట్టా చేస్తానే? అన్నది నన్ను కాదుగా" అన్నాడు.

అవును అన్నట్టు కళ్లు వాల్చాను.

"నేను తెల్లారి షెడ్డుకి పోయేటప్పుడు తొట్టి కాడ కూర్చొనుండేది. కళ్లమ్మట నీళ్లు కారిపోతా. ఏందమ్మా అంటే, ఏం లేదురా, కళ్లలో సబ్బు పడింది అనేది. రోజూ అదే మాట. రోజూ విని పోయా" అన్నాడు. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి వాటి వంకే చూస్తున్నాడు. "వజూకి సబ్బెందుకమ్మా అని ఒక్కనాడు అడగలా నేను."

కారు స్టార్టు చేశాడు. మళ్లీ రోడ్డెక్కి, గేరు మార్చి, పేరేచర్ల దాటించాడు. గుంటూరు ఇళ్లు మొదలయ్యాక అద్దంలోకి చూస్తూ, నాతో కాదన్నట్టుగా అన్నాడు.

"బతికి రా అబిదా. దీన్ని నేనొక్కణ్ణే మొయ్యలేను."